ఫుట్‌బాల్ ఆచార్యుడు రహీం సాహెబ్

భారతదేశంలో ఫుట్‌బాల్ అనగానే ఎవరికైనా మొదట స్ఫురించేది కలకత్తా మహానగరం. మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు జట్లు దశాబ్దాల తరబడి ఆ క్రీడారంగాన్ని ఏలాయి. అటువంటి రోజులలో దక్కను పీఠభూమి నుండి బయలుదేరిన ఒక పోలీసు జట్టు బొంబాయిలో జరిగే ప్రతిష్ఠాత్మకమైన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు గెలుచుకొన్నది. ఆ జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. పోలీసు శాఖలో చిన్న చిన్న కొలువులు చేసుకొనే యువకులు ఆ జట్టులోని ఆటగాళ్లు. వారిని తీర్చిదిద్దిన వ్యక్తి మాత్రం పోలీసు కాదు, ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు నగరవాసులకు ఆయన రహీం సాహెబ్.

రహీం సాహెబ్ 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. విద్యార్థి దశలోనే ఫుట్‌బాల్ పట్ల ఆయనకు మక్కువ కలిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొన్నారు. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల క్రీడా బాధ్యతలను కూడా చేపట్టారు. ఆయన జీవితంలో ఇది గమనింపదగిన విషయం. ఆట నేర్పడానికి పూర్వమే ఆయన పాఠం చెప్పడం నేర్చుకొన్నారు. తెలిసినది ఒకటి, దానిని ఎదుటివానికి తెలియజెప్పగలగడం మరొకటి. ఈ రెండవ విద్య అబ్బినవారు ఏ రంగంలోనైనా అరుదు. మేటి క్రీడాకారులందరూ మంచి శిక్షకులు కాలేకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు.

1943లో రహీం సాహెబ్ హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కడవరకు ఆ పదవిలోనే కొనసాగారు. అప్పటికి నగరంలో సిటీ ఆఫ్ఘన్స్ అనే జట్టు ఒకటి పేరు తెచ్చుకొంటున్నది. అదే సంవత్సరం బెంగుళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్ పోటీలలో ఆ జట్టు, ఇంగ్లండు దేశపు ప్రసిద్ధ క్రీడాకారుడు డెనిస్ కాంప్టన్ ఆడిన రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించి అందరినీ ఆశ్చర్యపరచింది. ఈ సిటీ ఆఫ్ఘన్స్ జట్టే తరువాతి కాలంలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుగా రూపొందింది.

1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయింది. ప్రభుత్వం మారింది, కొలువులు మారాయి, జనజీవనం ఇంకా కుదుటపడలేదు. ఆ సంధికాలంలోనే, 1950లో, రహీం సాహెబ్ పోలీసు జట్టు శిక్షణ బాధ్యతను స్వీకరించారు. ఆ ఏడాదే జట్టు రోవర్స్ కప్పును గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరండ్ కప్ తుది పోటీలో మోహన్ బాగాన్ ఎదురయింది. తొలి ఆట సమంగా ముగియడంతో పోటీని మరల నిర్వహించగా హైదరాబాదీలే విజేతలయ్యారు. ఏమాత్రం పేరులేని పోలీసులు కలకత్తా దిగ్గజాన్ని ఓడించారన్న వార్త దేశమంతటా వ్యాపించింది. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్ వంటి ఆటగాళ్ల పేర్లు క్రీడాభిమానుల నాలుకలపై నిలిచాయి.

ఈ విజయాల వెనుక రహస్యమేమిటి? పోలీసు ఉద్యోగం ఆటగాళ్లకు నెలనెలా జీతాన్ని, నిశ్చింతను ఇచ్చిన మాట నిజమే. కాని ఉద్యోగం మైదానంలో గోలు చేయదు కదా! అసలు రహస్యం రహీం సాహెబ్ బోధనా పద్ధతిలో ఉన్నది. ఆనాడు మన దేశంలో మంచి ఆటగాడంటే, బంతిని తన కాళ్లవద్దనే అట్టిపెట్టుకొని ప్రత్యర్థులను ఒకరి తరువాత ఒకరిని తప్పించుకొంటూ పోగలవాడు. చూపరులు కూడా అటువంటి విన్యాసాలకే చప్పట్లు కొట్టేవారు. రహీం సాహెబ్ దృష్టిలో ఇది సొంత సొగసే గాని జట్టుకు బలం కాదు. ఎంత వేగంగా పరుగెత్తినా మనిషి బంతి కంటె వేగంగా పోలేడు. కనుక బంతి చేతనే పరుగు పెట్టించాలి. వచ్చిన బంతిని ఒక్క తాకుతో తోటివానికి అందించి, వెంటనే ఖాళీ స్థలంలోకి జరగాలి. దీనిని అలవరచడానికి ఆయన నగరంలోని బాలురకు చిత్రమైన పోటీలు నిర్వహించేవారు. ఒక పోటీలో బంతితో ప్రత్యర్థులను తప్పించుకొంటూ పోవడం పూర్తిగా నిషిద్ధం. మరొక పోటీలో ఆటగాడు తనకు అలవాటులేని కాలితో మాత్రమే బంతిని తన్నాలి. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం గలవాడు కుడికాలితోను ఆడవలసిందే.

మహాభారతంలో అర్జునుడు సవ్యసాచి. రెండు చేతులతోను బాణాలు సంధించగల వీరుడు. ఆ నైపుణ్యం అతనికి పుట్టుకతో వచ్చినదా, సాధనతో వచ్చినదా అనే చర్చ పండితులకు విడిచిపెడదాం. రహీం సాహెబ్ మాత్రం అది సాధన వలన వచ్చేదేనని నమ్మారు. హైదరాబాదు గల్లీలలోని పేద పిల్లలను రెండు కాళ్ల సవ్యసాచులుగా మార్చే ప్రయత్నం చేశారు.

ప్రతిభను గుర్తించడంలో కూడా ఆయనది ఉపాధ్యాయుని కన్నే. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడ గ్రామానికి చెందిన తులసీదాస్ బలరాం ఒక నిరుపేద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. చిన్న స్థాయి పోటీలలో అతని ఆటను చూసిన రహీం సాహెబ్ శిక్షణకు రమ్మని పిలిచారు. అంత దూరం రోజూ వచ్చి పోవడానికి ఆ కుర్రవాని వద్ద డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి రహీం సాహెబ్ రాకపోకల ఖర్చులు తానే సమకూర్చారు. ఆ బాలుడే తరువాత రెండు ఒలింపిక్స్‌లలో భారతదేశానికి ఆడి, దేశంలోని అత్యుత్తమ ఫార్వర్డ్ ఆటగాళ్లలో ఒకడుగా గణుతికెక్కాడు. పిలిచి పాఠం చెప్పడం చాలామంది చేస్తారు. పిల్లవాడు రావడానికి దారి ఉన్నదా లేదా అని విచారించేవారు కొద్దిమందే.

నగర జట్టుతో పాటు జాతీయ జట్టు శిక్షణ కూడా ఆయనకు లభించింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. శైలేన్ మన్నా నాయకుడు. మేవాలాల్ విజయ సాధకుడు. మరుసటి సంవత్సరమే గర్వభంగం జరిగింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో పరాజయం పాలయింది. మనవారిలో పలువురు బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడారు. చల్లని వాతావరణం, తడిసిన పచ్చిక, బూట్లు తొడిగిన బలిష్ఠులైన ప్రత్యర్థులు. ఇక చెప్పేదేముంది? ఆ తరువాత ఆటగాళ్లు బూట్లు ధరించడం తప్పనిసరి అయింది.

ఓటమిని కొందరు మరచిపోవడానికి ప్రయత్నిస్తారు. రహీం సాహెబ్ దానిని పాఠ్యగ్రంథంగా చదివారు. రక్షణలో ఇద్దరిని మాత్రమే నిలిపే పాత పద్ధతికి కాలం చెల్లిందని గ్రహించారు. నాడు ఐరోపాలో కొత్త వ్యూహాలతో సంచలనం కలిగిస్తున్న హంగరీ ఆటతీరును శ్రద్ధగా గమనించారు. ముందు వరుసలోని ఆటగాడు ఒకడు కొంచెం వెనుకకు జరిగి ఆడితే అతనిని అనుసరించాలో విడిచిపెట్టాలో ప్రత్యర్థి రక్షకునికి తోచదు. అనుసరిస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. విడిచిపెడితే అతడు స్వేచ్ఛగా బంతిని నడుపుతాడు. ఈ సూక్ష్మాన్ని ఆయన మన ఆటగాళ్లకు నేర్పారు.

ఆ విద్యకు పరీక్ష 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జరిగింది. హంగరీ పోటీ నుండి తప్పుకోవడంతో మన జట్టు నేరుగా ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను ఎదుర్కొన్నది. 4–2 తేడాతో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. అక్కడ యుగోస్లావియా చేతిలో 4–1 తోను, కాంస్య పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3–0 తోను ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ ఇచ్చుకొన్న ప్రత్యర్థికి ఈసారి ఇచ్చుకొన్నవి నాలుగు. పతకాల పట్టికలో ఈ తేడా కనిపించదు గాని విద్యార్థి ప్రగతిని కొలిచే ఉపాధ్యాయునికి తప్పక కనిపిస్తుంది. ఆ కాలంలోనే ఆయన శిక్షణలో హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో వరుసగా రెండు సార్లు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్నది.

1960లో రోమ్ ఒలింపిక్స్ జరిగాయి. బలమైన ఫ్రాన్స్ జట్టుతో మనవారు 1–1తో సమంగా నిలిచినా హంగరీ, పెరూ చేతులలో ఓడి వెనుదిరిగారు. ఆ జట్టుకు ఎంపికైన వారిలో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అయితే ఒక్క పోటీలోనూ అతనికి మైదానంలో దిగే అవకాశం రాలేదు. శిక్షకుడు కన్నతండ్రి అయినప్పటికీ కొడుకు పక్కనే కూర్చొని ఆట చూశాడు. హకీం తరువాతి కాలంలో అంతర్జాతీయ రిఫరీగా పేరు పొంది 2021లో మరణించాడు.

రహీం సాహెబ్ జీవితంలో చివరి ఘట్టం 1962 నాటి జకార్తా ఆసియా క్రీడలు. తొలి పోటీలోనే దక్షిణ కొరియా మన జట్టును 2–0తో ఓడించింది. థాయిలాండ్‌పై 4–1తో గెలిచిన రెండవ పోటీలో రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పోటీలో జపాన్‌ను జయించి సెమీఫైనల్ చేరేసరికి శిక్షకుని ముందు ఒక చిక్కుముడి నిలిచింది. తలకు కట్టుతో ఉన్న రక్షకుడు గోల్ ముందు నిలబడి ఎగిరివచ్చే బంతులను తలతో ఎదుర్కోవడం కష్టం. అలాగని అంతటి యోధుని పక్కన కూర్చోబెట్టడమూ కష్టమే. రహీం సాహెబ్ అతనిని ముందు వరుసలో ఫార్వర్డ్‌గా నిలిపారు. దుర్గాన్ని కాపాడే వీరుని దండయాత్రకు పంపినట్లయింది. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో లభించిన విజయంలో జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశాడు.

అంతకంటె పెద్ద చిక్కు మైదానం వెలుపల ఉన్నది. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానీయకపోవడంపై భారతీయ క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ అభ్యంతరం తెలిపారు. దానితో స్థానిక ప్రజలలో ఆగ్రహం పెల్లుబికింది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాతో తుది పోటీ ఆడడానికి మనవారు దిగినప్పుడు సెనయాన్ స్టేడియంలోని సుమారు లక్షమంది ప్రేక్షకులు వారిని ఎగతాళి చేశారు. అంతటి ప్రతికూలతలో భారత జట్టుకు మద్దతుగా నిలిచినది పాకిస్తాన్ హాకీ జట్టు అని ఆటగాళ్లు తరువాత చెప్పుకొన్నారు. క్రీడలు కొన్నిసార్లు రాజకీయాల కంటె విశాల హృదయంతో ఉంటాయి.

తుది పోటీకి ముందు రహీం సాహెబ్ ఆటగాళ్లను చేరదీసి, తనకు ఒక స్వర్ణ పతకం కానుకగా ఇమ్మని అడిగినట్లు వారు జీవితాంతం స్మరించుకొన్నారు. జ్వరంతో బాధపడుతున్న పీటర్ తంగరాజ్ గోల్ కీపర్‌గా నిలిచాడు. కాలికి గాయమైన త్రిలోక్ సింగ్ ఆడాడు. చునీ గోస్వామి నాయకత్వం వహించాడు. పదిహేడవ నిమిషంలో పి.కె. బెనర్జీ, ఇరవయ్యవ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోల్ చేసినా 2–1 తేడాతో స్వర్ణం మనదే అయింది. గురువు అడిగిన దక్షిణను శిష్యులు చెల్లించారు.

జకార్తా నుండి తిరిగి వచ్చిన తరువాత రహీం సాహెబ్ ఎక్కువ కాలం జీవించలేదు. క్యాన్సర్ వ్యాధితో మంచం పట్టి 1963 జూన్ 11వ తేదీన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు యాభైమూడు సంవత్సరాలు. ఆయన తీర్చిదిద్దిన పోలీసు జట్టు మరికొంత కాలం పేరు నిలుపుకొన్నా, క్రమంగా దాని ప్రాభవం తగ్గిపోయింది. మంచి ఆటగాళ్లు కలకత్తా జట్లకు తరలిపోవడం ఆయన బ్రతికి ఉండగానే మొదలయింది. ప్రియశిష్యుడైన బలరాం కూడా ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరినవాడే. ఒకరు వెళ్లిపోతే గల్లీలలో వెదకి మరొకరిని తయారుచేసే మనిషి ఉన్నంతవరకు ఆ లోటు తెలియలేదు. ఆ మనిషి వెళ్లిపోయిన తరువాత తెలిసింది.

ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ వరుసగా గెలిచిన రోవర్స్ కప్ పోటీలు ఇరవయ్యో శతాబ్దంతోనే దాదాపు ముగిసిపోయాయి. 2020లో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, 2023లో బలరాం మరణించారు. 2024లో రహీం సాహెబ్ జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదల కాగా, ఆయన పేరు విననివారు కూడా ఆయనను తెరపై చూశారు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి మరొక స్వర్ణ పతకం రాలేదు.