హెలికాప్టర్ నిర్మాత సికోర్‌స్కీ

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు రాయలసీమలోని చిత్రావతి నది పొంగి, పదిమంది ప్రవాహమధ్యంలో చిక్కుకున్నారు. భారత వాయుసేన హెలికాప్టర్ వచ్చి వారిని కాపాడింది. పరుగుబాటతో పనిలేకుండా నిట్టనిలువుగా లేచి, గాలిలో నిలిచి, కోరినచోట దిగగల ఈ వాహనాన్ని సైన్యాలకు అందించినవారిలో అగ్రగణ్యుడు ఇగోర్ సికోర్‌స్కీ.

అతడు 1889 మే 25న, నాటి రష్యా సామ్రాజ్యంలోని కీవ్ నగరంలో జన్మించాడు. తండ్రి ఆచార్యుడు, తల్లి వైద్యవిద్య అభ్యసించిన విదుషి. లియొనార్డో డావిన్చీ ఊహించిన ఎగిరే యంత్రాలను గురించి తల్లి చెప్పిన ముచ్చట్లు బాలుని మనస్సులో నాటుకుపోయాయి. మన పిల్లలు పుష్పకవిమానం కథ విన్నట్లే అతడూ విన్నాడు. అయితే విని ఊరుకోలేదు. పన్నెండవ ఏటనే రబ్బరు పట్టీతో తిరిగే నమూనాను ఎగురవేశాడు.

1909లో పారిస్ నుండి 25 అశ్వశక్తుల ఇంజను తెచ్చి హెలికాప్టర్ నిర్మించాడు. అది నేల విడువలేదు. మరుసటి ఏడు చేసినది తన బరువును మోసింది గాని మనిషిని మోయలేకపోయింది. తేలికగా ఉంటూనే తగిన శక్తినిచ్చే ఇంజన్లు అప్పటికి లేవు. సికోర్‌స్కీ ఆ ప్రయత్నం విరమించి విమానాల వైపు మళ్లాడు. 1913లో నాలుగు ఇంజన్ల విమానాన్ని ఎగురవేసి ఖ్యాతి గడించాడు. ఇంతలో విప్లవం వచ్చింది. స్వదేశం విడిచి 1919లో న్యూయార్క్ చేరిన ఆ ప్రసిద్ధుడు, తోటి వలసదారులకు గణితం బోధిస్తూ పొట్ట పోసుకోవలసి వచ్చింది. 1923లో ఒక కోళ్లఫారంలో సొంత సంస్థ ప్రారంభించాడు. సంగీతవిద్వాంసుడు రహ్మానినోవ్ 5,000 డాలర్లిచ్చి ఆదుకున్నాడు.

తొలి వైఫల్యానికి ముప్పై ఏళ్లు నిండాక, 1939 సెప్టెంబరు 14న, తాళ్లతో నేలకు కట్టిన కొత్త హెలికాప్టర్‌ను సికోర్‌స్కీ స్వయంగా పైకి లేపాడు. పైరెక్కలు ఒకవైపు తిరిగితే యంత్రదేహం రెండవవైపు తిరగజూస్తుంది. న్యూటన్ మూడవ సూత్రం చదివినవారికి ఇది విశదమే. తోక చివర అమర్చిన చిన్న రెక్కలతో దానిని అరికట్టాడు. చెప్పినంత సులువుగా కుదరలేదు. యంత్రం వెనుకకూ పక్కలకూ ఎగిరేది గాని ముందుకు సరిగా సాగేది కాదు. రెండేళ్లకు పైగా మార్పులు చేయవలసి వచ్చింది.

ఆ అనుభవంతో అమెరికా సైన్యానికి రూపొందించినదే ఇద్దరు కూర్చునే ఆర్-4. 1942 జనవరి 14న తొలిసారి ఎగిరిన ఈ తేలికపాటి వాహనాలు మొత్తం 131 తయారయ్యాయి.

దాని అసలు పరీక్ష మన సరిహద్దుల చెంతనే జరిగింది. 1944 ఏప్రిల్‌లో బర్మా అడవిలో, జపాను సేనల వెనుక ఒక చిన్న విమానం కూలింది. చోదకుడు, ముగ్గురు బ్రిటిష్ సైనికులు చిక్కుబడ్డారు. అస్సాం స్థావరం నుండి వెళ్లిన ఆర్-4ను కార్టర్ హార్మన్ అనే యువ అధికారి నడిపాడు. ఎండవేడికి గాలి పలచబడి, ఇంజను చోదకునితోపాటు మరొక్కరినే మోయగలిగింది. అందుచేత నలుగురినీ ఒక్కొక్కరిగానే తరలించాడు. నడుమ ఇంజను మొరాయించగా ఒక రాత్రి ఇసుకతిన్నెపై ఆగవలసి వచ్చింది.

తరువాతి యుద్ధాలలో హెలికాప్టర్ ఫిరంగులనూ ధరించింది. దాచవలసిన సత్యం కాదది. అయినా దానివల్ల దక్కిన ప్రాణాలనే సికోర్‌స్కీ ఘనంగా భావించేవాడు. 1954లో భారత వాయుసేనలో చేరిన తొలి హెలికాప్టర్ ఎస్-55 సైతం అతని సంస్థ నిర్మించినదే. 1957లో పదవీవిరమణ చేసినా సలహాదారుగా కొనసాగి, 1972 అక్టోబరు 26న అమెరికాలోని ఈస్టన్‌లో కన్నుమూశాడు.