పిక్కల్లో ఏముందో చూసిన వైద్యుడు

డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనేది కండరాలను ఏటికేడాది క్షీణింపజేసే జబ్బు. దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుందని అంచనా. దీని పేరులో ఉన్న డుషెన్ ఒక ఫ్రెంచి వైద్యుడు. ఆయన ఏ ఆస్పత్రిలోనూ పెద్ద పదవిలో లేరు, ఏ కళాశాలలోనూ ఆచార్యుడు కారు. అయినా ఆయన వేసిన దారిలోనే నేటి పరిశోధకులు నడుస్తున్నారు.

గియోమ్ డుషెన్ 1806 సెప్టెంబర్ 17న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని బులోన్‌లో పుట్టారు. వాళ్లది సముద్రాన్ని నమ్ముకుని బతికిన కుటుంబం. తండ్రి ఓడ కెప్టెన్. కొడుకూ ఓడ ఎక్కాలని ఆయన కోరిక. కొడుకు మాత్రం సైన్సు వైపు మొగ్గాడు. డుషెన్ పారిస్‌లో వైద్యం చదివి, 1831లో పట్టా పుచ్చుకుని, సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టారు.

రెండేళ్లకే పిడుగు పడింది. కాన్పు తర్వాత వచ్చిన జ్వరంతో భార్య చనిపోయింది. కాన్పు సమయంలో పక్కన ఉన్నది డుషెన్ ఒక్కరే కావడంతో ఊళ్లో నిందలు పుట్టాయి. పసివాడు అమ్మమ్మ దగ్గర పెరిగాడు. తండ్రీకొడుకులు ఎన్నో ఏళ్లు దూరంగానే ఉండిపోయారు.

ఆ ఒంటరి రోజుల్లో ఆయన దృష్టి విద్యుత్తు మీద పడింది. చర్మం కోయకుండా, తడిపిన కొనలను ఒంటి మీద ఆనించి కొద్దిపాటి కరెంటు పంపితే, కోరుకున్న ఒక్క కండరాన్నే కదిలించవచ్చని గ్రహించారు. ఏ కండరం ఏ పని చేస్తుందో, ఏది చచ్చుబడిందో అలా తెలుసుకోవచ్చు.

1842లో పారిస్ చేరారు. చేతిలో విద్యుత్ పెట్టె పట్టుకుని రోజూ ఒక్కో ఆస్పత్రికి వెళ్లి, వార్డుల్లో రోగుల మంచాల పక్కన నిలబడి ప్రశ్నలు అడిగేవారు. ఆయన పల్లెటూరి యాస, మొరటు తీరు చూసి నగర వైద్యులు మొదట్లో నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. రోగి ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి మారితే వెంట వెళ్లేవారు. జబ్బును ఒక్క రోజు చూస్తే చాలదని, ఏళ్ల తరబడి వెంటాడాలని ఆయన పద్ధతి. ముఖ కండరాలపై ఆయన 1862లో ప్రచురించిన ఫొటోల్లో కొన్నింటిని తర్వాత డార్విన్ తన పుస్తకంలో వాడుకున్నారు.

ఆయన దగ్గరకు వచ్చిన కొందరు అబ్బాయిల విషయం వింతగా ఉండేది. పిక్కలు మల్లయోధుల పిక్కల్లా లావుగా ఉండేవి. కానీ ఆ పిల్లలు మెట్లెక్కలేరు, తరచూ పడిపోతారు. అంత లావు కండ ఉండి బలం ఎందుకు లేదు? ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెరియన్ అనే వైద్యుడు అప్పటికే ఇలాంటి పిల్లల గురించి రాశారు. అయితే మరణించినవారి శరీరంలోనే కండరాన్ని పరీక్షించడం అప్పటి పద్ధతి. బతికున్న పిల్లవాడి పిక్కలో ఏం జరుగుతోందో చూడటం ఎలా?

డుషెన్ అందుకోసం ఒక ప్రత్యేకమైన సూది తయారు చేశారు. దాన్ని కండరంలోకి దింపి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. కండర పోగుల స్థానంలో కొవ్వు, నార పేరుకుపోయి కనిపించాయి. లావు పైకే, లోపల కండ కరిగిపోతోంది. 1868లో 13 మంది పిల్లల వివరాలతో ఈ జబ్బును సమగ్రంగా వర్ణించారు. నేటి కండరాల బయాప్సీకి తొలి అడుగు ఆ సూదే.

చివరికి కొడుకు ఎమిల్ వైద్యుడై తండ్రిని చేరాడు. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. కొడుకు ముందే పోయాడు. 1875 సెప్టెంబర్‌లో డుషెన్ కన్నుమూశారు.

ఆయన అడగగలిగిన ప్రశ్నకు జవాబు దొరకడానికి వందేళ్లకు పైనే పట్టింది. ఈ పిల్లల కండరాల్లో డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ ఉండదని 1987లో తేలింది. అది లేకపోతే కదిలిన ప్రతిసారీ కండర పోగు దెబ్బతింటుంది. పోగుల అంచున ఉండే మరమ్మతు కణాలను అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండర్ మౌరో 1961లోనే గుర్తించారు. మరి ఆరోగ్యవంతుల కండర కణాలను పెంచి పిల్లల కండరంలోకి ఎక్కిస్తే? 1989లో ఎలుకల్లో ఇది ఫలించింది; డిస్ట్రోఫిన్ కనిపించింది. 1990ల తొలినాళ్లలో తండ్రులు, సోదరులు ఇచ్చిన కణాలతో పిల్లల మీదా ప్రయత్నించారు. ఆశించిన బలం రాలేదు. ఎక్కించిన కణాల్లో చాలావరకు కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. మిగిలినవి సూది దిగిన చోటు దాటి పెద్దగా వెళ్లలేదు. పరాయి కణాలను శరీరం తిప్పికొట్టింది. ఈ మూడు చిక్కులతోనే పరిశోధన ఇంకా కుస్తీ పడుతోంది. కణాలు కుదురుకున్నాయా లేదా అని చూడటానికి మాత్రం డుషెన్ చూపిన దారే: సూదితో చిన్న ముక్క తీసి చూడటం.

విద్యార్థులారా! పిక్కలు బలంగా కనిపించినా మెట్ల దగ్గర వెనకబడే, ఆటలో పదేపదే పడిపోయే పిల్లవాడు మీ బడిలోనూ ఉండవచ్చు. బద్ధకస్తుడని ముద్ర వేయకండి. ఉపాధ్యాయులకు చెప్పండి, వారు తల్లిదండ్రులకు చెబుతారు, వైద్యుడు పరీక్షిస్తారు. పైకి కనిపించినదాన్నే నమ్మక, లోపల ఏముందో ఓపికగా చూడటమే డుషెన్ మనకు నేర్పిన పాఠం.