కల్నల్ కొఠారి కనకయ్య నాయుడుగారు

ఆంధ్రదేశమున పుట్టకపోయినను, ఆంధ్రులు తమవాడని సగర్వముగా చెప్పుకొనదగిన మహనీయులలో కొఠారి కనకయ్య నాయుడుగారు ముఖ్యులు. లోకము వారిని సి.కె.నాయుడు అని పిలిచినది. మన గ్రామములలో చెడుగుడును బిళ్ళంగోడును ఆడిన వీథులలోనే బాలురు నేడు బ్యాటును బంతిని చేతబట్టుచున్నారు. ఆ ఆటలో భారతదేశపు టెస్టు జట్టునకు మొట్టమొదట నాయకుడైనవాడు తెలుగు కుటుంబములోని వాడని వారిలో ఎందరు ఎరుగుదురు?

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారి పితామహులు నారాయణస్వామి నాయుడుగారు ఆ పట్టణమున పేరెన్నికగన్న న్యాయవాదులు, భూస్వాములు, కాంగ్రెసు మహాసభ తొలినాళ్ళలో అందు పాల్గొనినవారు. జనకులు సూర్యప్రకాశరావుగారు ఆంగ్లదేశమునకు పోయి, రణజిత్ సింహుడు చదివిన కేంబ్రిడ్జిలోనే చదివి, బారిష్టరై తిరిగివచ్చి, ఇందూరునందలి హోల్కరు సంస్థానమున న్యాయమూర్తి పదవి నలంకరించిరి. తాతయు తండ్రియు న్యాయశాస్త్ర పారంగతులైన ఇంటిలో పుట్టిన బాలుడు మూడవ తరపు వకీలు కావలెనని ఎవరైనను తలంతురు. ఆటలాడుట చదువు చెడగొట్టుటయే అని పెద్దలు ఎంచిన కాలమది. ఆ కుటుంబము మాత్రము ఆటను అడ్డుకొనలేదు. ఒక కుమారుడు కాదు, ఇద్దరు కుమారులు ఆ ఇంటినుండి దేశపు జట్టులోనికి పోయిరి. ఇందులో పుత్రుల ప్రజ్ఞ ఎంత కలదో తండ్రి వివేకమును అంత కలదు.

ఆ దినములలో బొంబాయి నగరమున ఏటేట ఐరోపీయులు, పారసీకులు, హిందువులు, మహమ్మదీయులు వేరువేరు జట్లుగా పోటీపడుచుండిరి. మతమును బట్టి ఆటగాండ్రను విభజించుట నేటివారికి వింతగా తోచును గాని, నాడు దేశమున అంతకు మించిన పోటీ లేదు. 1916లో ఇరువది యొక్క ఏండ్ల ప్రాయమున నాయుడుగారు హిందువుల పక్షమున తొలిసారి బరిలో దిగిరి. అప్పటికే ఏడు వికెట్లు పడియుండెను. మొదటి మూడు బంతులను అడ్డుకొని, నాల్గవ బంతిని సిక్సరుగా కొట్టిరి. వారి ఆట తీరు ఆనాడే లోకమునకు తెలిసినది. 1923లో హోల్కరు మహారాజు వారిని ఇందూరునకు రప్పించి తన సైన్యమున పదవి నొసంగెను. కల్నల్ అను బిరుదు అచ్చట లభించినదే.

1926వ సంవత్సరమున గిల్లిగన్ దొర నాయకత్వమున ఎం.సి.సి. జట్టు సీమనుండి వచ్చెను. బొంబాయి జింఖానా మైదానమున హిందువులతో ఆడినప్పుడు, ఆ జట్టులోని ఎర్ల్ అను దొర ఎనిమిది సిక్సర్లు కొట్టి ప్రేక్షకులను విభ్రాంతులను గావించెను. మరునాడు, డిసెంబరు 1వ తేదీన, నాయుడుగారు దానికి బదులు చెప్పిరి. రెండు గంటలైన నిండకుండ 153 పరుగులు, అందు పదునొకండు సిక్సర్లు! ఒక బంతి జింఖానా భవనపు కప్పుమీద పడెను. వార్త నగరమంతట ప్రాకి జనము చెట్లెక్కియు మేడలెక్కియు చూచిరి. దొరలు ఈర్ష్యపడక వారికి వెండి బ్యాటును బహూకరించిరి. పాలకులతో సమముగా, వారి ఆటలోనే, వారి కన్నులయెదుటనే నిలువగలమని నాడు జనమునకు కలిగిన ధైర్యమునకు విలువ కట్టుట ఎవరితరమును కాదు. రెండేండ్లకు, 1928లో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడెను.

1932లో భారత జట్టు టెస్టు మ్యాచి ఆడుటకై ఇంగ్లండు చేరెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. జట్టునకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబిడి రాజవంశీయుడు. సంస్థానాధీశులు ఉండగా సామాన్యుడు నాయకుడగుట ఆ కాలమున ఊహకందని మాట. అయినను పోరుబందరు ప్రభువు తన ఆట ఎంతటిదో తానే గ్రహించి పక్కకు తొలగెను. లింబిడి ఉపనాయకుడు గాయపడియుండెను. నాయకత్వము నాయుడుగారికి వచ్చినది. కొందరు ఆటగాండ్రు వారి క్రింద ఆడుటకు మొరాయించిరి. స్వదేశమునుండి తంతి రూపమున వచ్చిన ఆజ్ఞతో గాని వారు శాంతింపలేదు. తన యోగ్యతచేత పైకి వచ్చినవానిని తనవారే అంగీకరింపని దుఃస్థితి మన పురాణములలో కర్ణుని కథనాటిది. పోరుబందరు ప్రభువు చేసిన త్యాగమును మాత్రము మరువరాదు. పదవిని పట్టుకొని వ్రేలాడువారి నడుమ అట్టివారు అరుదు.

జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున ఆట ఆరంభమయ్యెను. నిస్సారు బంతులకు, లాల్ సింగు చురుకుదనమునకు ఇంగ్లండు 19 పరుగులకే ముగ్గురిని కోల్పోయెను. జార్డిన్ దొర రెండు పర్యాయములును నిలిచి తన జట్టును నిలువబెట్టెను. క్షేత్రరక్షణలో నాయుడుగారి చేతికి గాయమయ్యెను. అయినను ఆ చేతితోనే ఆడి మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసిరి. అందు మనవారిలో అదియే అత్యధికము. భారతజట్టు 158 పరుగుల తేడాతో ఓడినది. కాని ఆ యాత్రలో నాయుడుగారు మొదటి తరగతి ఆటలలో 1,618 పరుగులును 65 వికెట్లును సాధించిరి. మరుసటి సంవత్సరము విజ్డెన్ గ్రంథము వారిని ఐదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా పేర్కొనెను.

ఆ యాత్రలోనిదే మరియొక ముచ్చట. ఎడ్జ్‌బాస్టన్ మైదానము చెంత రియా అను చిన్న ఏరు ప్రవహించును. అప్పట్లో అది రెండు జిల్లాలకు పొలిమేర. నాయుడుగారు కొట్టిన బంతి ఆ ఏటిని దాటి పడినది. ఒక జిల్లాలో కొట్టిన బంతి మరియొక జిల్లాలో పడినదన్నమాట! సరిహద్దు రాళ్ళు పాతి కొలతలు వేయువారికి ఆ బంతి ఏ గ్రామలెక్కలో చేరునో తేల్చుట కొంత కష్టమే.

కొఠారి వారి ఇంటి గౌరవము ఒక్కనితో ఆగలేదు. కనకయ్యగారి అనుజులు సుబ్బన్న నాయుడుగారు, అనగా సి.ఎస్.నాయుడు, 1914లో జన్మించిరి. అన్నదమ్ములకు పదునెనిమిదేండ్లకు పైగా అంతరము. చూచువారికి తండ్రీకొడుకులవలె కనబడుదురు. 1934 జనవరిలో కలకత్తాలో, అన్నగారి నాయకత్వముననే తమ్ముడు తన తొలి టెస్టు ఆడెను. 1936లో విజయనగర రాజకుమారుడు నాయకుడుగా సాగిన ఇంగ్లండు యాత్రలోను ఇద్దరును కలరు. ఆ యాత్ర కలహములతో చెడినది. దానిని గూర్చి ఇచ్చట విస్తరింప పనిలేదు. ఓవల్ మైదానమున అలెన్ వేసిన బంతి దేహమునకు బలముగా తగిలినను తొలగక కనకయ్యగారు 81 పరుగులు చేసిరి. అదియే వారి చివరి టెస్టు. మొత్తము ఆడినవి ఏడు మాత్రమే.

బంధుప్రేమ పక్షపాతమగుట లోకసహజము. నాయుడుగారి విషయమున అది తలక్రిందైనది. 1944-45 రంజీ ట్రోఫీ తుది పోటీలో బొంబాయి జట్టునకు ఎదురుగా హోల్కరు జట్టును నడిపినది అన్నగారు. బంతి వేసినది తమ్ముడు. ఆ ఒక్క ఆటలో సుబ్బన్నగారు వేసిన బంతులు 917. పదునొకండు వికెట్లు తీసి 428 పరుగులిచ్చిరి. అన్ని బంతులు ఒక ఆటలో వేసినవాడు ప్రపంచమున మరియొకడు లేడు. హోల్కరు జట్టు 374 పరుగుల తేడాతో ఓడినది. తమ్ముని అంతగా శ్రమపెట్టుట న్యాయమా అని అడుగువారు ఉండవచ్చును. కాని సొంత తమ్ముడని నీడపట్టున కూర్చుండబెట్టిన నాయకుని మాట తక్కినవారు వినుదురా? ఆ తమ్ముడును లక్ష్మణునివలె మారు పలుకక భారము మోసెను. మరుసటి ఏడే హోల్కరు జట్టు ట్రోఫీని గెలిచినది. అందు యాభై ఏండ్లు దాటిన కనకయ్యగారు బరోడా జట్టుపై 200 పరుగులు చేసిరి. అటుపిమ్మట 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలోను ఆ జట్టే గెలిచెను.

తమయెడను వారంత కఠినులే. 1951-52 తుది పోటీలో ఫాడ్కర్ వేసిన బంతి ముఖమునకు తగిలి రెండు పండ్లు ఊడినవి. వయస్సు యాభైయారు. రాలిన పండ్లను బ్యాటుతో పక్కకు ఊడ్చి, బంతి వేగము తగ్గింపవలదని చెప్పి, మరల ఆటకు నిలిచి 66 పరుగులు చేసిరి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినది. ఆ ఏడే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి ప్రవేశించెను. అప్పటికి యాభై ఎనిమిదేండ్లవారైన నాయుడుగారు ఆ జట్టు పక్షమున బరిలో దిగిరి. నాగపురమున పుట్టి, ఇందూరున స్థిరపడి, ఆ సంస్థానమునకే తమ బలమునంతయు ధారపోసిన మనిషి, మాతృభాషా ప్రజల జట్టు పసికూనగా నిలిచిన వేళ వచ్చి తోడు నిలిచిరి. వారు చేసిన పరుగులెన్ని అని లెక్కచూచుట ఇచ్చట ముఖ్యము కాదు. పెద్దల పేరు విని ఎరిగిన యువకులకు ఆ పెద్దయే పక్కన నిలిచి ఆడుట ఎంతటి బలమో, వివాహకార్యమున దూరపు ఊరినుండి కుటుంబపెద్ద వచ్చి పీటల దగ్గర కూర్చుండినప్పుడు కలుగు నిండుతనమును చూచినవారికి తెలియును.

1956లో ప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుదము నొసంగెను. క్రికెట్ ఆటగానికి ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము. 1956-57లో ఉత్తరప్రదేశ్ పక్షమున, అరువది యొక్క ఏండ్ల వయస్సున, రాజస్థాన్ జట్టుపై 84 పరుగులు చేసిరి. 1963-64లో ఒక ధర్మకార్యార్థము జరిగిన ఆటలో అరువది ఎనిమిదేండ్ల వయస్సున చివరిసారి బ్యాటు పట్టిరి. మొదటి తరగతి ఆటలన్నియు కలిపి 207, పరుగులు 11,825, శతకములు 26, వికెట్లు 411. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరున కన్నుమూసిరి.

సుబ్బన్నగారు 2002 వరకు జీవించిరి. కనకయ్యగారి కుమార్తె చంద్రగారు ఇందూరున ఆంగ్లభాషాచార్యులుగా పనిచేసిరి, 1977లో ఎం.సి.సి. జట్టు ఇందూరున ఆడినప్పుడు వ్యాఖ్యానము చేసి, భారతదేశపు తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరొందిరి. తండ్రి సెంచరీలను ఇతరులు లెక్కగట్టిరి. ఇంటిలోని తండ్రిని గూర్చి ఆమెయే 1995లో ఒక గ్రంథము వ్రాసిరి. ఆమె 2021లో ఇందూరుననే పరమపదించిరి. నాయుడుగారి పేర నెలకొల్పిన ట్రోఫీకై దేశపు యువకులు పోటీపడుచున్నారు. వారిలో ఆంధ్ర, హైదరాబాదు జట్ల పిల్లలును కలరు.