సీతారామరాజు గారి సైన్యం, 26 తుపాకులు

ఈసారి గోడపత్రికకి నేను అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తున్నాను. ఆయన పాఠం మనందరం చదివాం కదా, మళ్లీ ఎందుకు అంటారేమో. పాఠంలో సైన్యం అని ఒక్క మాట రాసి వదిలేశారు. ఆ సైన్యంలో ఎంతమంది, వాళ్ల చేతుల్లో ఏముంది, ఎలా నడిచేవారు అన్నది నాకు తెలుసుకోవాలనిపించింది.

ఆయన 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టేరు. అది వాళ్ల అమ్మగారి పుట్టింటి ఊరు. నాన్నగారు ఫొటోలు తీసేవారు, రాజు గారి చిన్నప్పుడే పోయేరు. పెద్దయ్యాక సన్యాసిలా తిరిగి తిరిగి 1917లో కృష్ణదేవిపేట వచ్చి మన మన్యంలోనే ఉండిపోయేరు. జబ్బు చేసినవాళ్లకి మందులిచ్చేవారు.

అప్పటికి మనవాళ్ల కష్టం ఏంటంటే పోడు. 1882లో తెల్లవాళ్లు అడవి చట్టం తెచ్చి పోడు కొట్టకూడదన్నారు. పైగా గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి కూలి సరిగ్గా ఇచ్చేవాడు కాదు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు అతని మీద మండిపడి ఉన్నారు. రాజు గారికి వీళ్లు కుడి, ఎడమ చేతుల్లాంటివాళ్లు. గోకిరి ఎర్రేసు, బోనంగి పండుపడాలు, మైదానం నుంచి వచ్చిన అగ్గిరాజు కూడా దళంలో పెద్దలే.

మొదట వాళ్లకి ఉన్నవి విల్లులు, బాణాలు, కత్తులు. అవి మన ఇళ్లలో ఉన్నవే. తుపాకులు కావాలి. కొనడానికి డబ్బు లేదు, అమ్మేవాడూ లేడు. తుపాకులు ఎక్కడుంటాయి? పోలీసు స్టేషన్లో. 1922 ఆగస్టు 22న 300 మందితో చింతపల్లి స్టేషన్ మీద పడ్డారు. 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు దొరికేయి. 23న కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. 24న రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. అక్కడ జైల్లో ఉన్న మొట్టడం వీరయ్యదొరని కూడా విడిపించేరు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు.

ఒక సంగతి నాకు చాలా నచ్చింది. చింతపల్లిలో ఏమేం పట్టుకెళ్తున్నారో రాజు గారు స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టేరు. దొంగలు అలా చెయ్యరు కదా. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా తాతది ఇప్పటికీ వేలిముద్రే. అందుకే ఆ సంతకం సంగతి రెండుసార్లు చదివాను.

తర్వాత లెక్కల నోటులో భాగహారం చేసి చూశాను. 1390ని 11తో భాగిస్తే ఒక్కో తుపాకికి 126 తూటాలు. రాజవొమ్మంగివైతే 103. అయిపోతే మళ్లీ చేసుకోడానికి కార్ఖానా లేదు. రాజు గారి మీద తూటాలు నీళ్లయిపోతాయని అప్పుడు జనం నమ్మేవారట. నాకైతే ఆ కథ కన్నా ఈ భాగహారమే పెద్దదనిపించింది. ఒక్కో తూటా చూసుకుని కాల్చాలి మరి.

వాళ్లు ఎలా కొట్టేవారో దామనపల్లి ఘాటీలో తెలుస్తుంది. కొండదారిలో ఒకరి వెనక ఒకరే నడవాలి, మనకి తెలుసు. 1922 సెప్టెంబరు 24న పోలీసులు అలా వస్తుంటే, ముందు నడిచిన మన దేశపు పోలీసులని పోనిచ్చి, వెనక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లని కాల్చేరు. మనవాళ్లని చంపకూడదన్నది ఆ దళం నియమం.

దాడికి ముందు బాణానికి మిరపకాయ, ఉత్తరం కట్టి కబురు పంపేవారు. దాన్ని మిరపకాయ టపా అనేవారు. అందరూ దాన్ని మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను కానీ నష్టం కూడా వచ్చింది. అక్టోబరులో అడ్డతీగలకి ముందే కబురు పెట్టి వెళ్లేసరికి అక్కడి తుపాకులు దాచేశారు. కొత్త తుపాకులు దొరక్క సైన్యం అక్కడే ఆగిపోయింది. అవతల ప్రభుత్వానికి మాత్రం మలబారు పోలీసులు వచ్చేరు, పెద్ద తుపాకులు వచ్చేయి. డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలల్లో, మళ్లీ ఆ రాత్రి, రెండుసార్లు కలిపి 12 మంది మనవాళ్లు పోయేరు. చేలో దాక్కోడానికి చెట్టు ఉండదు.

తిండి, కబుర్లు ఊళ్లే అందించేవి. అందుకే పోలీసులు ఊళ్ల మీద పడి జనాన్ని బాధపెట్టేరు. ఆ బాధ చూడలేకే రాజు గారికి బెంగ పట్టుకుందని పెద్దలు చెప్తారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ కూడా దిగేరు. మే 7న రాజు గారిని పట్టుకుని కొయ్యూరు దగ్గర చెట్టుకి కట్టి, విచారణ లేకుండా కాల్చేశారు. 27 ఏళ్లు కూడా నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. జూన్‌లో గంటందొరనీ చంపేరు. మల్లుదొర అండమాన్ జైలుకి వెళ్లి, బతికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచేడు.

మన హాలులో రాజు గారి బొమ్మ కింద జానెడు చోటు ఖాళీగా ఉంది. అక్కడ గంటందొర, మల్లుదొర, ఎర్రేసు, పండుపడాలు, వీరయ్యదొర పేర్లు రాయడానికి మేడమ్ గారు ఒప్పుకుంటే, రంగులు మా తొమ్మిదో తరగతి వాళ్లవే.