కుంచె వదలని రెన్వార్

పియర్ ఆగస్ట్ రెన్వార్ 1841 ఫిబ్రవరి 25న ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో ఒక దర్జీ కుటుంబంలో జన్మించాడు. అతని చిన్నతనంలోనే కుటుంబం బతుకుతెరువు కోసం పారిస్ చేరింది. పదమూడో ఏట చదువు మాని పింగాణీ కార్ఖానాలో పనికి కుదిరాడు. కప్పుల మీద, పళ్ళేల మీద పూలు వేయడం అతని పని. యంత్రాలు రావడంతో ఆ పనీ పోయింది. విసనకర్రల మీద, తెరల మీద బొమ్మలు వేసి, కూడబెట్టిన డబ్బుతో 1862లో చిత్రకళా పాఠశాలలో చేరాడు.

అక్కడ మోనే, సిస్లీ, బజీల్ స్నేహితులయ్యారు. కలవారి బిడ్డ అయిన బజీల్ తన గదిలో రెన్వార్‌కు చోటిచ్చాడు. 1869లో మోనే ఇంట్లో తిండికి కరువైతే, రెన్వార్ తన ఇంటి నుంచి రొట్టె పట్టుకెళ్ళి ఇచ్చేవాడు. ఆకలితోనే ఇద్దరూ సేన్ నది ఒడ్డున పక్కపక్కన నిలబడి బొమ్మలు వేశారు. మరుసటి ఏడాది యుద్ధంలో బజీల్ చనిపోయాడు.

ఈ మిత్రులు గది వదిలి ఆరుబయటికి వచ్చారు. ట్యూబుల్లో దొరికే రంగులు అందుకు వీలు కల్పించాయి. వస్తువును నున్నగా, వివరంగా దించడం కాదు, ఆ క్షణంలో వెలుగు కంటికి ఎలా తోచిందో అలా చూపడమే వారి పద్ధతి. నీడంటే నలుపు కాదు, అందులో నీలం, ఊదా ఉంటాయని చూపించారు. 1874లో సొంతంగా ప్రదర్శన పెడితే, మోనే చిత్రం పేరులోని ‘ఇంప్రెషన్’ అనే మాటను పట్టుకుని ఒక విమర్శకుడు వెక్కిరించాడు. ఆ వెక్కిరింతే ఇంప్రెషనిజం అనే పేరైంది. తర్వాత అది సంగీతానికీ పాకింది. తనకు నచ్చకపోయినా డెబుస్సీ సంగీతాన్ని ఆ పేరుతోనే పిలిచారు.

రెన్వార్ నిరుపేదల కన్నీళ్ళు గీయలేదు. 1876లో వేసిన ‘మూలాన్ ద లా గలెట్’ చిత్రంలో ఆదివారం నాడు చెట్ల కింద నాట్యం చేస్తున్న సామాన్యులే కనిపిస్తారు. ఆకుల సందుల్లోంచి జారిన ఎండ వారి బట్టల మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది.

పేరు, డబ్బు వచ్చాక కీళ్ళవాతం పట్టుకుంది. వేళ్ళు వంకర్లు తిరిగాయి, నడక పోయింది. అరచేతికి గుడ్డ చుట్టించుకుని, వేళ్ళ మధ్య కుంచె పెట్టించుకుని చక్రాల కుర్చీలోంచే బొమ్మలు వేశాడు. 1919 డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఆయన కుమారుడు జాన్ రెన్వార్ సినీ దర్శకుడై, మన బెంగాల్‌లో తీసిన ‘ది రివర్’ 1951లో విడుదలైంది.

మిత్రులారా! పింగాణీ కప్పుల మీద పూలు వేసిన దర్జీ కొడుకు చిత్రాలు నేడు ప్రపంచ ప్రఖ్యాత మ్యూజియంలలో ఉన్నాయి. మన హాస్టల్ గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీసే తమ్ముళ్ళను కసురుకోకుండా, వారి చేతికి ఒక కాగితం ఇద్దాం.