ఆస్కార్ బార్నాక్ : కటకానికి తగిన కెమెరా

ఛాయాగ్రహణంలో అభిరుచి గలవారు సాధారణంగా మంచి కటకం కోసం అన్వేషిస్తారు. దానిని ధరించే కెమెరా బాడీని గురించి ఆలోచించేవారు అరుదు. కటకం ఎంత శ్రేష్ఠమైనదైనా, దాని వెనుక ఫిల్ము నియమిత స్థానంలో నిలవకపోతే, ఎదుటి వస్తువు దూరాన్ని సరిగా కొలవలేకపోతే ఆ శ్రేష్ఠత వ్యర్థమే. ఈ సత్యాన్ని తన చేతిపనిలో నిరూపించిన జర్మన్ యంత్రనిర్మాణ నిపుణుడు ఆస్కార్ బార్నాక్.

ఆయన 1879 నవంబరు 1న బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని లినో గ్రామంలో జన్మించాడు. యంత్రవిద్యలో శిక్షణ పొంది, 1902లో యేనా నగరంలోని జైస్ సంస్థలో చేరాడు. అడవులలో, కొండలలో నడుస్తూ చిత్రాలు తీయడం ఆయనకు ప్రీతి. అయితే ఆనాడు 13×18 సెంటీమీటర్ల గాజు పలకలను, వాటికి తగిన బరువైన కెమెరాను, ముక్కాలిపీటను మోయవలసి వచ్చేది. ఉబ్బసంతో బాధపడే బార్నాక్‌కు ఆ బరువు దుర్భరమైంది. నెగటివు చిన్నదిగా ఉండి, దాని నుండి పెద్ద చిత్రం తీయగలిగితే ఎంత మేలు! ఒకే పలకపై అనేక చిన్న చిత్రాలు తీసి చూశాడు. కాని పెద్దవి చేసినప్పుడు పలకలోని రేణువులు బయటపడి చిత్రం చెడిపోయింది.

జైస్‌లో తన మిత్రుడైన ఎమిల్ మెహావ్ సిఫారసుపై, 1911లో ఆయన వెట్జ్లార్‌లోని లైట్స్ సూక్ష్మదర్శినుల కర్మాగారంలో చేరాడు. అక్కడ 1913–14 ప్రాంతంలో, చలనచిత్రాలకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాను స్వయంగా నిర్మించాడు. సినిమా చట్రం 18×24 మిల్లీమీటర్లు. ఆయన దానిని రెట్టింపు చేసి 24×36 మిల్లీమీటర్ల చట్రాన్ని గ్రహించాడు. ఇంతలో ప్రథమ ప్రపంచ యుద్ధం వచ్చి, ఆ పని ముందుకు సాగలేదు.

యుద్ధానంతరం జర్మనీ ఆర్థికంగా చితికిపోయింది. 1923లో కొన్ని నమూనా కెమెరాలు తయారైనా, చేతిలో ఇమిడే ఈ వస్తువును ఎవరు కొంటారన్న సందేహం సంస్థలోనే బలంగా ఉండేది. విఫలమైతే నష్టపోయేది వందలాది కార్మికుల జీవనాధారం. 1924లో సుదీర్ఘ చర్చ జరిగిన పిమ్మట, అధిపతి రెండవ ఎర్నెస్ట్ లైట్స్ ఆ సాహసానికే పూనుకున్నాడు. మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మిల్లీమీటర్ల కటకంతో ‘లైకా’ 1925లో లైప్‌జిగ్ వసంత ప్రదర్శనలో లోకానికి పరిచయమైంది.

తొలి లైకాలో కటకం స్థిరంగా ఉండేది. 1930లో కటకాలు మార్చుకునే వీలు కలిగింది గాని, ఒక్కొక్క కటకాన్ని ఒక్కొక్క బాడీకి ప్రత్యేకంగా సరిపరచవలసి వచ్చేది. 1931లో కటకపీఠం నుండి ఫిల్ము వరకు గల దూరాన్ని 28.8 మిల్లీమీటర్లుగా నిర్ణయించడంతో ఏ కటకమైనా ఏ బాడీకైనా సరిపోయింది. 1932లో కటకంతో అనుసంధానమైన దూరమాపకం, అనగా రేంజ్‌ఫైండర్ వచ్చింది. కటకాన్ని తిప్పుతుండగా కంటికి కనిపించే రెండు ప్రతిబింబాలు ఒక్కటైతే దృష్టి కుదిరినట్లే. అదే సంవత్సరం జైస్ ఐకాన్ సంస్థ అంతకంటె దీర్ఘమైన ఆధారరేఖ గల దూరమాపకంతో కాంటాక్స్‌ను తెచ్చింది. బాడీ ఎంపిక అనే ప్రశ్న నాటి నుండే ఆరంభమైందనవచ్చు.

బార్నాక్ 1936 జనవరి 16న, 56వ యేట కన్నుమూశాడు. 1954లో వెలువడిన లైకా ఎం3లో మరచుట్టు స్థానంలో కొత్త పీఠం వచ్చి, ఫిల్ముకు గల దూరం 27.8 మిల్లీమీటర్లయింది. ఆ తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరు. అంత మందం గల వలయాన్ని తొడిగితే 1930ల నాటి కటకం సైతం అందులో అమరుతుంది. కొలతను నమ్మిన మనిషి పనికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి? 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీజీ చివరి ఘడియలను, అంతిమయాత్రను చిత్రించిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియే బ్రెస్సోన్ చేతిలో ఉన్నది లైకాయే.

విద్యార్థి మిత్రులారా! మీలో ఎవరైనా మేలైన కటకం కోసం పాత ఫిల్ము కెమెరా బాడీని కొనదలిస్తే, పైమెరుగు చూసి మోసపోకండి. కటకాన్ని అనంత దూరానికి తిప్పి, సుదూరాన ఉన్న ఒక మినారును చూడండి. రెండు ప్రతిబింబాలు పక్కకు గాని, పైకి కిందికి గాని తొలగకుండా కలియాలి. షట్టరు తెరలో సూది మోపినంత రంధ్రమైనా ఉండరాదు. వెడల్పైన ద్వారం గల కటకానికి, పొడవైన కటకానికి దీర్ఘమైన ఆధారరేఖ గల దూరమాపకం అవసరం. పేరు కంటె కొలత ముఖ్యం. తన బలహీనతను సాకుగా చెప్పక, దాని నుండే లోకానికి ఉపకరించే సాధనాన్ని సృష్టించిన బార్నాక్ జీవితం మనకు ఆదర్శప్రాయం.