ఓటు లేని సభలో లెక్కలు అడిగిన గోఖలే

గోపాలకృష్ణ గోఖలే అనగానే గాంధీజీ రాజకీయ గురువు అని చెప్పి చాలామందిమి ఆగిపోతాం. నిజానికి ఆయన జీవితంలో పెద్ద భాగం ప్రభుత్వ పద్దులు తిరగేయడంలోనే గడిచింది.

1866లో రత్నగిరి జిల్లా కొట్లుక్‌లో పేద కుటుంబంలో పుట్టారు. పుణె ఫెర్గుసన్ కాలేజీలో పాఠాలు చెప్పారు, అంకగణిత పుస్తకం రాశారు. 1897లో లండన్ వెళ్లి, భారత ప్రభుత్వ ఖర్చులను విచారిస్తున్న వెల్బీ కమిషన్ ముందు సాక్ష్యమిచ్చారు.

1902లో కలకత్తాలో వైస్రాయ్ శాసనమండలిలో అడుగుపెట్టారు. అప్పట్లో సభ్యులు బడ్జెట్ మీద మాట్లాడవచ్చు కానీ ఓటు లేదు. ఆ ఏడాది ప్రభుత్వం మిగులు చూపించింది. గోఖలే మాత్రం ఆ మిగులు ఎక్కడిదని అడిగారు. 1899-1900 కరువు నుంచి జనం ఇంకా తేరుకోలేదు. రూపాయి మారకం విలువ పెరగడంతో లండన్‌కు కట్టాల్సిన సొమ్ము భారం తగ్గింది. అయినా పన్నులు తగ్గలేదు. కాబట్టి అది దేశం బాగుపడిందనడానికి గుర్తు కాదు, జనం దగ్గర ఎక్కువ వసూలు చేశారనడానికి గుర్తు అని అంకెలతో చూపించారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, అవుట్‌పుట్ చూసి మురిసిపోకుండా ఇన్‌పుట్ సంగతి అడిగిన మనిషి.

ఉప్పు పన్ను అప్పుడు మణుగుకు (సుమారు 37 కిలోలు) రెండున్నర రూపాయలు. ఆయన ఏటా అదే అడిగారు. 1903లో 2 రూపాయలు, 1905లో రూపాయిన్నర, 1907లో రూపాయి అయింది. ఘనతంతా ఆయనదే అనను గానీ, ఆ పట్టు లేకుండా అంత దిగేదని నేననుకోను.

1909 సంస్కరణలతో సభ్యులకు తీర్మానాలు పెట్టే వీలు దొరికింది. 1910లో నాటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడం ఆపాలని ఆయన పెట్టిన తీర్మానం నెగ్గింది. 1911 జూలైలో ఆ పంపకం ఆగింది. మద్రాసు రేవు నుంచి అక్కడి చెరకు తోటలకు వెళ్లినవాళ్లలో విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాట్ ప్రాంతాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు.

నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు మాత్రం 1912లో 38-13 ఓట్లతో ఓడిపోయింది. బడి ఖర్చు ఎవరు ఎంత భరించాలో కూడా ఆయన లెక్క కట్టి పెట్టారు.

అదే ఏడాది, మధుమేహంతో బాధపడుతూనే, దక్షిణాఫ్రికా వెళ్లారు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోయిన కూలీ ఏటా 3 పౌండ్లు కట్టాలి. భార్యకు, 16 దాటిన కొడుకుకు, 13 దాటిన కూతురికి మళ్లీ వేరే. మంత్రులు బోతా, స్మట్స్‌లను కలిసి, ఆ పన్ను పోతుందన్న నమ్మకంతో తిరిగి వచ్చారు. అక్కడి ప్రభుత్వం అలాంటి మాటే ఇవ్వలేదంది. 1913లో వేలమంది కూలీలు సమ్మెకు దిగారు. గోఖలే ఇక్కడ ఊరూరా చందాలు పోగుచేసి వాళ్లకు పంపారు. 1914లో పన్ను రద్దయింది. 1915 ఫిబ్రవరి 19న పుణెలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 48.